సాధనలో పడే బంతి మ్యాచ్‌లో ఎందుకు పడడం లేదు?

ప్రశ్న (14 ఏళ్ల గార్డు)

అందరికీ నమస్కారం. నేను బాస్కెట్‌బాల్ జట్టులో గార్డు స్థానంలో (బంతిని ముందుకు నడిపించే స్థానం) ఆడతాను. ఒంటరిగా సాధన చేసేటప్పుడు ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చే షాట్) గీత దగ్గర నిలబడి వేస్తే సగానికి పైగా బంతులు రింగులో పడుతున్నాయి. మ్యాచ్‌లో మాత్రం ఎదుటి అమ్మాయి చెయ్యెత్తి నిలబడగానే నా భుజాలు బిగుసుకుపోతాయి, బంతి రింగు ముందు అంచుకు తగిలి వెనక్కి వచ్చేస్తుంది. ఒకటి తప్పిపోయిందంటే ఆ తరువాత చక్కటి అవకాశం దొరికినా షాట్ వేయకుండా పక్కవారికి పాస్ ఇచ్చేస్తున్నాను. ఎడమచేత్తో డ్రిబ్లింగ్ (బంతిని నేలకేసి కొడుతూ కదలడం) అంతంతమాత్రం కావడంతో నన్ను ఎడమవైపుకు నెడితే చాలునని ప్రత్యర్థి జట్లకు కూడా తెలిసిపోయింది.

సీనియర్ జట్టులో ఉన్నానన్న మాటే గానీ ఎక్కువసేపు బెంచి మీదే కూర్చుంటున్నాను. వచ్చే సీజన్‌లో జూనియర్ జట్టుతో ఆడమని మా కోచ్ సూచించారు. నాకది నామోషీగా ఉంది. ఇంట్లో అన్నయ్య బంతితో రోజూ సాధన చేస్తూనే ఉన్నాను. ఇంకా ఏం చేయాలో చెప్పగలరా?

మొదటి సమాధానం (పిల్లలకు శిక్షణ ఇచ్చే కోచ్)

అమ్మా, ధైర్యం సంగతి తరువాత మాట్లాడుకుందాం. ముందు ఆ బంతి మీద ఏ సైజు నంబరు ఉందో చూడు. అన్నయ్యది అంటున్నావు కాబట్టి అది 7వ నంబరు బంతి అయి ఉంటుందని నా అనుమానం. అమ్మాయిలు మ్యాచ్‌లలో ఆడేది 6వ నంబరుతో. రెండింటి బరువులో సుమారు 70 గ్రాముల తేడా ఉంటుంది, చుట్టుకొలతలోనూ తేడా తెలుస్తుంది. బరువైన బంతిని రింగు దాకా చేర్చడానికి చెయ్యి దానంతటదే అడ్డదారి వెతుక్కుంటుంది: మోచెయ్యి పక్కకు తెరుచుకుంటుంది, బంతి నుదుటి పైనుంచి కాక ఛాతీ దగ్గరి నుంచి నెట్టినట్టుగా వెళుతుంది, దాని దారి చదునుగా తయారవుతుంది.

చదునైన షాట్‌తో వచ్చే చిక్కు ఏమిటో లెక్క వేసి చూపిస్తాను. రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, 6వ నంబరు బంతి వ్యాసం సుమారు 23. బంతి 45 డిగ్రీల కోణంలో దిగుతుంటే దానికి ఎదురుగా దాదాపు 32 సెంటీమీటర్ల వాకిలి కనిపిస్తుంది. అదే బంతి 30 డిగ్రీల కోణంలో వస్తే ఆ వాకిలి 22.5 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది, అంటే బంతి కంటే చిన్నదైపోతుంది! ఇక అంచును తాకకుండా లోపలికి పోయే దారే లేదు. ముందు అంచుకు తగిలి వెనక్కి వస్తోందని నువ్వు రాసిన మాటకు సగం జవాబు ఇక్కడే ఉందని నేననుకుంటున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు మోకాళ్లు వంచి, తీరిగ్గా బలమంతా కూడదీసుకుంటావు కాబట్టి బంతి పైకి లేస్తుంది. మ్యాచ్‌లో ఆ వ్యవధి ఉండదు.

మిగతా సగం జవాబు నీ సాధన పద్ధతిలో ఉంది. ఒకే చోట నిలబడి వరుసగా వేస్తూ పోతే పదో షాట్ నాటికి చెయ్యి ఆ దూరానికి కుదురుకుంటుంది, అది నైపుణ్యమని మనం భ్రమపడతాం. మ్యాచ్‌లో ఒకే చోటి నుంచి పది షాట్లు ఎవరూ వేయనివ్వరు. 1978లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఎనిమిదేళ్ల పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో మూడడుగుల దూరంలో ఉన్న గురికే చిన్న సంచులు విసిరించారు. రెండో గుంపుతో రెండడుగులకు, నాలుగడుగులకు విసిరించారు గానీ సాధనలో మూడడుగుల జోలికే పోనివ్వలేదు. చివరికి మూడడుగుల దూరానికే పరీక్ష పెడితే రెండో గుంపు పిల్లలు మెరుగ్గా విసిరారు.

కాబట్టి ప్రతి షాట్‌కూ చోటు మార్చు. ఫ్రీ త్రోలు కూడా కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుగెత్తి వచ్చి, ఎగశ్వాసతో రెండే రెండు వేసి, మళ్లీ పరుగుకు వెళ్లు. నియమం ప్రకారం బంతి చేతికి అందాక ఐదు సెకన్లలోపు వేయాలి కాబట్టి ఆ ఐదు సెకన్లలో ఏం చేయాలో, ఎన్నిసార్లు బంతి కొట్టాలో, ఎప్పుడు శ్వాస వదలాలో ముందే ఖాయం చేసుకొని ప్రతిసారీ అదే చెయ్యి.

రెండో సమాధానం (ఒకప్పటి క్రీడాకారిణి)

చెల్లీ, జూనియర్ జట్టు విషయం గురించి మాత్రమే రాస్తాను. అమెరికా బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్‌ను పాఠశాల జట్టు నుంచి తీసేశారన్న కథ నువ్వు వినే ఉంటావు. దాన్ని చాలామంది సగమే చెబుతారు. 1978లో అతన్ని పాఠశాల సీనియర్ జట్టులోకి తీసుకోలేదన్నది నిజం, అయితే బయటికి పంపలేదు, జూనియర్ జట్టులో వేశారు. అక్కడ అతడు బెంచి మీద కూర్చోలేదు. మ్యాచ్ తరువాత మ్యాచ్ ఆడుతూ జట్టుకు ప్రధాన ఆటగాడయ్యాడు. పట్టుదల గురించి చెప్పడానికి ఆ కథను వాడుకుంటారు గానీ, నాకైతే అందులో ముఖ్యమైనది అతనికి దొరికిన ఆట సమయమే. చివరి నిమిషంలో బంతి నీ చేతిలో ఉండే పరిస్థితి బెంచి మీద కూర్చుంటే ఎన్నటికీ రాదు. నేనైతే వెళ్లమనే చెబుతాను. అయితే సీనియర్ల సాధనలో కూడా పాల్గొననిస్తారేమో మీ కోచ్‌ను అడిగి చూడు. రెండూ కుదిరితే అంతకంటే ఏం కావాలి?

మూడో సమాధానం

కోచ్ గారూ, మీతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ ఒక్క అభ్యంతరం ఉంది. మోచెయ్యి పక్కకు తెరుచుకునే అలవాటు ఇప్పటికే పడిపోయి ఉంటే, చోట్లు మారుస్తూ పరుగులు తీస్తూ వేయించడం వల్ల ఆ తప్పే గట్టిపడదా? దూరపు షాట్లకు పేరుపడ్డ అమెరికా ఆటగాడు స్టీఫెన్ కర్రీ హైస్కూల్లో ఉండగా అతని తండ్రి డెల్ కర్రీ ఒక వేసవిలో అతని షాట్‌ను మొదటి నుంచి దిద్దించి, కింది నుంచి విసిరే బంతిని తలపై నుంచి వదిలేలా చేశారు. మొదటి కొన్ని వారాలు అతనికి రింగుకు దగ్గరగా వేయడం తప్ప మరొకటి సాధ్యపడలేదు. ఈ అమ్మాయి కూడా ముందుగా రింగు కింద నిలబడి, ఒక్క చేత్తో, బంతి ఎత్తుగా లేచేలా కొన్ని వారాలు వేస్తే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగిన అమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే వెళ్లి చూశాను, అది 7వ నంబరు బంతే! మా జట్టు బంతి ఒకటి ఇంటికి తెచ్చుకోవడానికి అనుమతి అడుగుతాను. జూనియర్ జట్టు గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. ఎడమచెయ్యి సంగతి ఎవరూ చెప్పలేదు.

మొదటి సమాధానం రాసిన కోచ్

మూడో సమాధానంలోని అభ్యంతరం సమంజసమే. మోచెయ్యి కుదురుకునే దాకా రింగు దగ్గరే వెయ్యి, చోట్లు మార్చడం ఆ తరువాత మొదలుపెట్టు.

ఎడమచేతికి రెండు పనులు చెబుతాను. బంతిని మోకాలి ఎత్తు దాటనివ్వకుండా, కళ్లు ఎదుటి గోడ మీద నిలిపి ఎడమచేత్తో కొడుతూ నడువు. ఎవరైనా ఎదురుగా నిలబడి వేళ్లు చూపిస్తే వాటిని లెక్కపెడుతూ కొట్టు. ఆ తరువాత రింగు కింద నిలబడి ఒకసారి కుడివైపు నుంచి కుడిచేత్తో, ఒకసారి ఎడమవైపు నుంచి ఎడమచేత్తో ఆపకుండా లేఅప్‌లు (రింగు పక్కనుంచి బోర్డుకు తగిలించి వేసే షాట్లు) వెయ్యి. పాతతరం అమెరికా ఆటగాడు జార్జ్ మైకన్ పేరుతో ఈ కసరత్తును ప్రపంచమంతా చేయిస్తారు. బంతి బోర్డు మీది చదరం పైమూలకు తగలాలి, కిందికి వచ్చిన బంతిని గడ్డం కంటే కిందికి దించకూడదు. ఎడమచేత్తో మొదట్లో చాలా తప్పిపోతాయి. మ్యాచ్‌లో అదే జరుగుతుందేమోనన్న జంకు ఉంటే, జూనియర్ జట్టుతో ఆడే మొదటి కొన్ని మ్యాచ్‌లలో ఎడమవైపుకే వెళతానని మీ కోచ్‌కు ముందే చెప్పి పెట్టు. బంతి చేజారినా నిన్ను వెంటనే బయటికి పిలవరు.