అప్‌డేట్: వంగ ఆకులు పాలిపోవడానికి కారణం ఎర్రనల్లి

ఎండలు ముదిరినప్పటి నుంచి పెరటి వంగ మొక్కల ఆకులు సన్నని చుక్కలు పడి పాలిపోతున్నాయని గత నెల ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టి చూడమన్న సూచనతోనే చిక్కు విడింది: కాగితంపై కదిలిన నలుసులను భూతద్దంలో చూసిన ఉద్యాన నిపుణురాలు, ఎనిమిది కాళ్లున్నందున అవి అసలు కీటకాలే కావని, ఆకుల రసం పీల్చే, సాలీడు వర్గానికి చెందిన ఎర్రనల్లులని తేల్చారు. నాలుగు రోజులకొకసారి ఉదయం ఆకుల అడుగుభాగానికి నీటిని ధాటిగా చిమ్మి, ఎండ తగ్గాక లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీటితో కలిపి పిచికారీ చేయగా, మూడు వారాలకు చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి. పాలిపోయిన పాత ఆకులు మాత్రం మళ్లీ పచ్చబడలేదు. ఎరువు లోపమన్న నా అనుమానం తప్పు. నల్లికి రెక్కలుండవు కనుక, ఎగిరే పురుగులను అంటించుకునే పసుపు జిగురు అట్టలూ అక్కరకు రాలేదు.