వెనక మోనోషాక్ (ఒకే షాక్ అబ్జార్బర్) మార్చాక స్పీడ్ బ్రేకర్ మీద ఠక్కుమంటోంది, స్ప్రింగ్ మార్చాలా?

మూడు వారాల క్రితం రాణీగంజ్‌లో ఆఫ్టర్‌మార్కెట్ మోనోషాక్ కొని, ఇంటి దగ్గర నేనే నా అడ్వెంచర్ బైక్‌కి బిగించాను. వెనక చక్రం ట్రావెల్ (పైకీ కిందకీ కదిలే దూరం) 180 మి.మీ., గేర్‌తో కలిపి నా బరువు 84 కిలోలు, స్ప్రింగ్ మీద 80 న్యూటన్/మి.మీ. (ఒక్కో మి.మీ. నొక్కడానికి పట్టే బలం) అని ఉంది.

మియాపూర్ గల్లీల్లో చిన్న గతుకులకి నడుం విరిగేలా కొడుతోంది, అదే పెద్ద స్పీడ్ బ్రేకర్ ఎక్కితే 30 స్పీడులో కూడా కిందిదాకా దిగి ఠక్కుమంటోంది. షాక్ చివరిదాకా దిగినప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాప్ రబ్బరు అంచు ఇప్పటికే నలిగి తెల్లబడింది.

షాక్‌ని చక్రం వైపు కలిపే లింకేజ్ బుష్‌లు విప్పి గ్రీజు పెట్టాను, బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాను, షాక్ పొడవు కూడా పాతదానితో సమానమే. రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి లేచే వేగం) 4 క్లిక్కులు తెరిచినా, 14 తెరిచినా ఆ ఠక్కు పోలేదు. ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచే రింగు) చివరిదాకా తిప్పేశాను. ఇప్పుడు బైక్ తన బరువుకి 3 మి.మీ. దిగుతోంది, నేను కూర్చుంటే 68 మి.మీ., కానీ ట్రావెల్‌లో 30 శాతం లెక్కన 54 దగ్గర ఉండాలి. మా మెకానిక్ అన్న "ఇంకో రెండు చుట్లు తిప్పు తమ్ముడూ" అంటాడు, తిప్పడానికి థ్రెడ్ మిగిలితే కదా!

నాకైతే స్ప్రింగే మెత్తనిదనిపిస్తోంది. ఇంచుమించు ఇదే బరువుతో స్ప్రింగ్ మార్చినవాళ్లు చెప్పండి, 90కి వెళ్లాలా, 100కి వెళ్లాలా?