సాగర్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ఏం చూపించాలి: డ్యామా, కాలనీయా?

పైలాన్ మనవడు:
నాగార్జునసాగర్ డ్యామ్ పక్కనున్న మన నందికొండలో ఈ మధ్య కొత్త ముఖాలు కనిపిస్తున్నాయి. బడి, బ్యాంకు, ఆస్పత్రి ఉద్యోగాలకు వచ్చి అద్దెకు దిగుతున్నారు. ఒక ఆదివారం వాళ్లకు ఊరంతా తిప్పి చూపిద్దామని మేం నలుగురం అనుకున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే పేచీ వచ్చింది. నేనైతే డ్యామ్ కట్టినవాళ్ల కోసం వేసిన పైలాన్ కాలనీ క్వార్టర్ల నుంచే అంటాను, డ్యామ్ ఆఖర్న. మీరేమంటారు?

ఎడమ కాలువ:
నేను ఒప్పుకోనన్నా. డ్యామ్ లేకపోతే ఈ ఊరే లేదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లే మిర్యాలగూడ రైస్ మిల్లులను నడిపిస్తున్నాయి. మా నాయిన ఇప్పటికీ నీళ్లు నిండు మట్టం 590 అడుగులకు ఎంత దూరంలో ఉన్నాయో కనుక్కున్నాకే నారు పోస్తాడు. 26 గేట్లూ ఎత్తిన రోజు ఆ హోరు విన్నవాళ్లు సాగర్‌ను మర్చిపోరు. పెచ్చులూడిన క్వార్టర్లు ముందు చూపిస్తే, పని అయిపోయి వెలవెలబోయిన ఊరనుకుంటారు.

కొత్త కోడలు:
మాది పాలమూరు. ఇక్కడికి వచ్చి రెండేళ్లయింది. మొదటి వారమే నాకు డ్యామ్, బౌద్ధ పార్కు బుద్ధవనం చూపించారు. బాగున్నాయి. ఇంటికొచ్చాక నల్లా ఎప్పుడొస్తుందో, పాలు ఎవరు పోస్తారో అడుగుదామంటే తెలిసిన మనిషి ఒక్కరు లేరు. పాపకు రాత్రి జ్వరమొస్తే ఎవరి తలుపు కొట్టాలో తెలియక తెల్లారేదాకా టెన్షన్‌తో కూర్చున్నా. ఆ ఏడాది బతుకమ్మకు పక్కింటి పెద్దమ్మ వచ్చి, "తంగేడు పూలు మా ఇంట్ల శానా ఉన్నయి, రా బిడ్డా" అని పిలిచింది. ఆమె వరుస వరుసకూ పూలు అందిస్తుంటే నేను పేర్చాను. ఆ పక్క రోజు నుంచి ఆమె ఇంటి తలుపు కొట్టడానికి నాకు మొహమాటం లేదు. నా మాట వింటే ముందు మనుషుల్ని పరిచయం చేయండి.

విజయపురి:
మీరంతా 1955 నుంచే లెక్కపెడుతున్నారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ నీళ్ల కిందే ఉంది. డ్యామ్ కట్టేలోగా, 1954 నుంచి ఆరేళ్ల పాటు లోయంతా తవ్వి శిల్పాలను బయటికి తీశారు. కొన్ని కట్టడాలను పైకి తరలించి మళ్లీ నిలబెట్టారు. పల్లెలూ మునిగాయి. లాంచీ ఎక్కించి నీళ్ల మధ్యనున్న నాగార్జునకొండ మ్యూజియం చూపించనిదే ఈ ఊరు అర్థం కాదు.

పైలాన్ మనవడు:
లాంచీ సంగతి నిజమే, దానికి వేరే రోజు పెడదాం. సగం రోజు దానికే పోతుంది.

ఎడమ కాలువ తమ్ముడూ, డ్యామ్ గొప్పదనం నాకు తెలియక కాదు. మా నాయనమ్మ దానికి తట్ట మోసింది. అది రాతి కట్టడం. పెద్ద యంత్రాలు చాలినన్ని లేని ఆ రోజుల్లో వేల మంది కూలీలు కర్రల పరంజా మీద రాళ్లు, కలిపిన సిమెంటు మోస్తే 124 మీటర్లు లేచింది. ఆమె కూడా ఈ చెల్లెలిలాగే పాలమూరు నుంచి వచ్చిన మనిషి. నెత్తి మీద తట్ట ఆనిన చోట జుట్టు మళ్లీ మొలవలేదు. చిన్నప్పుడు నూనె రాస్తూ అక్కడ వేలు పెట్టి చూసేవాణ్ని, నున్నగా ఉండేది. తట్ట కింద నెత్తి మీద పెట్టుకున్న ఆమె చుట్టకుదురు ఇప్పటికీ మా అటక మీద ఉంది. కొత్తవాళ్లకు ముందు దాన్ని చూపించి, ఆ తర్వాత డ్యామ్ దగ్గరికి తీసుకెళ్తాను. అప్పుడు ఆ గోడను చూసే చూపు వేరుగా ఉంటుంది.

మా వరుసలో కోస్తా నుంచి వచ్చిన మేస్త్రీల పిల్లలున్నారు, తండాల నుంచి వచ్చినవాళ్లున్నారు. సంక్రాంతి గొబ్బెమ్మలు, శ్రావణంలో తీజ్ బుట్టల్లో గోధుమ మొలకలు, బతుకమ్మ, అన్నీ చూస్తూ పెరిగాం. పని అయిపోయినా వీళ్లు వెళ్లిపోలేదు. అందుకే పెచ్చులూడిన గోడలు చూపించడానికి నాకు నామోషీ లేదు.

ఆదివారం ఉదయం ఏడింటికి మా ఇంటి ముందు కలుద్దాం. చెల్లెమ్మా, మీ పెద్దమ్మను కూడా తీసుకురా. మధ్యాహ్నం చేపల వేపుడు నాది.

ఎడమ కాలువ:
వస్తానన్నా. చుట్టకుదురు నేనూ చూడాలి. కానీ ఆ రోజు గేట్లు ఎత్తి ఉంటే మాత్రం ముందు డ్యామ్‌కే పోవాలి.