ఫస్టియర్ ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఎలగ చదవాలి? ఇంటర్‌లో బానే వచ్చేది, ఇక్కడ పట్టు దొరకట్లేదు

చీపురుపల్లి ట్రైన్ బ్యాచ్

అందరికీ నమస్తే. నాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ ఫస్టియర్, రోజూ ట్రైన్‌లోనే వెళ్ళి రావడం. మాకు ఫస్ట్ సెమ్‌లోనే ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఇచ్చారు. ఇంటర్‌లో నాకు ఫిజిక్స్ అంటే ఇష్టమే, ఈఏపీసెట్‌లో 40 ఫిజిక్స్ బిట్లలో ఎక్కువ శాతం నమ్మకంగానే పెట్టాను, ఫార్ములా గుర్తుంటే ఆన్సర్ వచ్చేసేది. ఇక్కడ అలగ లేదు. న్యూటన్ రింగ్స్, డిఫ్రాక్షన్, నికోల్ ప్రిజం, అది అయ్యేలోపే క్రిస్టల్స్, మిల్లర్ ఇండిసెస్, ఎక్స్‌రే డిఫ్రాక్షన్, యూనిట్ తర్వాత యూనిట్ పరిగెడతాంది. సార్ మంచాయనే కానీ స్లైడ్స్ పెట్టి చదువుకుంటూ వెళ్ళిపోతారు, అంతమందిలో లేచి డౌట్ అడగాలంటే నోరు పెగలట్లేదు. డెరివేషన్ బట్టీ పట్టి రాస్తంటే మధ్యలో ఒక్క స్టెప్పు గుర్తు రాకపోతే ఇంక కింద ఏటీ రాయలేకపోతున్నాను, మిడ్‌లో కూడా అదే అయింది.

సీనియర్లనడిగితే ఆల్ ఇన్ వన్ గైడు కొనుక్కో, ఇంపార్టెంట్లు టిక్ పెడతాం, అవి చదివితే చాలు అంటన్నారు. పాసవ్వడం ఒకటే కాదు, నాకు అర్థం కావాలని ఉంది. సిరిమానోత్సవం అయిపోయింది, దీపావళి దాటితే సెమ్ పరీక్షలు వచ్చేసినట్టే. ఇప్పట్నుంచి ఎలగ చదివితే పట్టు దొరుకుద్ది? ఈ సబ్జెక్టు తర్వాత ఎక్కడైనా పనికొచ్చిందా మీకు? చదివినోళ్ళు చెప్పండి ప్లీజ్.

నాగావళి ఒడ్డు

తమ్ముడూ, మాది శ్రీకాకుళం, నేను ఈసీఈ థర్డ్ ఇయర్. నువ్వు రాసింది చదివితే మా ఫస్టియర్ క్లాసు మొత్తం కళ్ళ ముందు కనపడింది. నీకు తెలివి తగ్గిపోలేదు, ముందు ఆ బెంగ ఒగ్గేయ్. ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి నిమిషం చిల్లర, నాలుగు ఆప్షన్లు కళ్ళ ముందే ఉంటాయి, నెగెటివ్ మార్కులు కూడా లేవు. రెండేళ్ళు దానికే అలవాటు పడిపోయాం. ఇక్కడ 10 మార్కుల ప్రశ్న ఆ ఫార్ములా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమంటాది. ఈ పని మనకి ఎవరూ నేర్పలేదు, కొత్తగా నేర్చుకోవాల్సిందే.

ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు కానీ నా ఉద్దేశంలో ఫస్టియర్ వాళ్ళు ఇబ్బంది పడేది ఎక్కువగా ఇక్కడే. ఆర్23 (2023 రెగ్యులేషన్) సిలబస్‌లో ఫస్ట్ సెమ్ మ్యాథ్స్ లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ సెకండ్ సెమ్‌లో వస్తాయి. ఫిజిక్స్ ఫస్ట్ సెమ్‌లో పడ్డవాళ్ళకి ష్రోడింగర్ ఈక్వేషన్ (ఎలక్ట్రాన్ లాంటి చిన్న కణాలు తరంగంలా ఎలగ నడుచుకుంటాయో చెప్పేది) ముందే వచ్చేస్తాది, అది సెకండ్ ఆర్డర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్, ఇంటర్‌లో మనం చేసినవి ఫస్ట్ ఆర్డర్ వరకే. మరి సార్ బోర్డు మీద సొల్యూషన్ అని సైన్, కాస్ రాసేస్తే అది ఎక్కణ్ణుంచి ఊడిపడిందో పిల్లలకి ఎలగ తెలుస్తాది చెప్పు? నువ్వు సెకండ్ సెమ్ దాకా ఆగక్కర్లేదు. సైన్ కెఎక్స్‌ని రెండుసార్లు డిఫరెన్షియేట్ చెయ్యి, మైనస్ కె స్క్వేర్ ఇంటూ మళ్ళీ సైన్ కెఎక్సే వస్తాది, అది నీకు ఇంటర్ నుంచే వచ్చు. పెట్టెలో, అంటే రెండు గోడల మధ్య ఇరుక్కుని ఉన్న పార్టికల్‌కి ఆ ఈక్వేషన్ అడిగేదీ అదే, రెండుసార్లు డిఫరెన్షియేట్ చేస్తే మైనస్ గుర్తుతో, ఒక నంబరుతో మళ్ళీ తనే వచ్చే ఫంక్షన్ ఏదీ అని. ఇది పట్టుకుంటే నాలుగో యూనిట్‌లో సగం భయం పోద్ది.

తర్వాత రెండు గోడల దగ్గరా వేవ్ ఫంక్షన్, అంటే ఆ ఈక్వేషన్‌కి వచ్చే జవాబు, సున్నా అవ్వాలి అంటారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన మ్యూజిక్ కాలేజీ మీ విజయనగరంలోనే ఉంది కదా, అక్కడ ఏ వయొలిన్ తీగ చూసినా రెండు చివరలా కట్టేసి ఉంటాది, అందుకే దాని మీద సగం తరంగం, ఒకటి, ఒకటిన్నర, ఇలగే పడతాయి తప్ప ఎంతంటే అంత పడవు. ఎలక్ట్రాన్‌కీ అదే లెక్క, అందుకే ఎనర్జీ మెట్లు మెట్లుగా వస్తాది, ఫార్ములాలో ఎన్ స్క్వేర్ (ఎన్ అంటే మెట్టు నంబరు) వచ్చేదీ అక్కణ్ణుంచే. ఇప్పుడు నంబర్లు వేసి చూడు. పెట్టె పొడవు 1 నానోమీటర్ అనుకుని హెచ్ స్క్వేర్ బై 8 ఎం ఎల్ స్క్వేర్‌లో (హెచ్ ప్లాంక్ స్థిరాంకం, ఎం మాస్, ఎల్ పెట్టె పొడవు) ఎలక్ట్రాన్ మాస్ పెట్టు, మొదటి మెట్టు 0.376 ఎలక్ట్రాన్ వోల్ట్ వస్తాది. రెండోది దానికి నాలుగింతలు, మూడోది తొమ్మిదింతలు. డెరివేషన్ పదిసార్లు చదివినా రాని పట్టు ఒక్కసారి నంబరు వేస్తే వస్తాది, నేను ప్రతి యూనిట్‌కీ ఇలగే చేశాను.

ట్రైన్‌లో పుస్తకం తెరవలేకపోతే ఎన్‌పీటెల్ లెక్చర్లు (ఐఐటీ ప్రొఫెసర్ల ఆన్‌లైన్ వీడియో పాఠాలు) ముందురోజు డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. చూశాక మాత్రం ఇంటికెళ్ళి తెల్ల కాగితం మీద చూడకుండా రాయాలి, ఎక్కడ ఆగిపోతే ఆ స్టెప్పే నీకు రానిది, మిగతాదంతా వచ్చినట్టే.

బొబ్బిలి కుర్రోడు

అక్క చెప్పింది కరెక్టే కానీ తమ్ముడు పరీక్ష కూడా రాయాలి కదా, అది కూడా చెప్పండి. ఎక్స్‌టర్నల్ 70, ఇంటర్నల్ 30. ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే 25 మార్కులు రావాలి, రెండూ కలిపి 40 రావాలి. పేపర్లో రెండు మార్కులవి 10 ప్రశ్నలు ఉంటాయి, అక్కడే 20 మార్కులు, ఇవి చాలామంది లైట్ తీసుకుని పెద్ద ప్రశ్నల మీద పడతారు. ఇంటర్నల్‌కి లెక్కేసే మిడ్‌లు రెండిట్లో ఎక్కువొచ్చిన దానికి 80 శాతం, తక్కువొచ్చిన దానికి 20 శాతం వెయిటేజీ మాకు, నీకూ అదే రూలైతే మొదటిది పోయినా రెండోది గట్టిగా రాస్తే నిలబడిపోతావు. మాలాంటోళ్ళం ఆల్ ఇన్ వన్‌తోనే గట్టెక్కాం, దాన్ని మరీ తీసిపారేయకండి, ఇంట్లో పరిస్థితి బట్టి బ్యాక్‌లాగ్ లేకుండా బయటపడడం కూడా ముఖ్యమే.

రిటైర్డ్ ల్యాబ్ మాస్టారు

బాబూ, నేను ఈ జిల్లాల్లోనే ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. అందరూ థియరీ గురించి మాట్లాడుతున్నారు, ల్యాబ్ ఊసు ఎవరూ ఎత్తలేదు. నా అనుభవంలో ఈ సబ్జెక్టు తలకెక్కేది ల్యాబ్‌లోనే, పోయేది కూడా ల్యాబ్‌లోనే. ఒక్కో టేబుల్ దగ్గర ఐదారుగురు నిలబడతారు, ఒకడు మైక్రోస్కోప్‌లో చూస్తాడు, మిగతావాళ్ళు వాడు చెప్పిన అంకెలు రాసుకుంటారు, రికార్డు సీనియర్ దగ్గర తెచ్చి దించేస్తారు. నువ్వు ఆ చూసేవాడివి అవ్వు. ముందుగా వెళ్ళి కూర్చో, అడగడానికి మొహమాటపడకు.

న్యూటన్ రింగ్స్ తీసుకో. సోడియం లాంప్ వెలుగు తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు. లెన్సు వంపుకీ కింద గాజు పలకకీ మధ్య గాలి పొర, మధ్యలో దాదాపు సున్నా, బయటకి పోయేకొద్దీ మందం పెరుగుతుంది. ఆ పొర పైనించి ఒక వెలుగు, కిందనించి ఒక వెలుగు తిరిగొచ్చి కలుస్తాయి. మధ్యలో చుక్క నల్లగా ఎందుకుంటుందని వైవాలో అడిగితే తొంభై శాతం మంది నీళ్ళు నములుతారు. గాలిలోంచి వచ్చిన వెలుగు గాజు మీద పడి వెనక్కి తిరిగినప్పుడు అర తరంగం మారిపోతుంది, గాజులోంచి గాలి వైపు వచ్చి తిరిగినప్పుడు మారదు. మందం సున్నా అయినా రెండు వెలుగులూ ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ ఒక్క మాట తెలిస్తే ఆ డెరివేషన్‌లో లామ్డా బై 2 (లామ్డా అంటే తరంగదైర్ఘ్యం) ఎందుకొచ్చిందో బట్టీ పట్టక్కర్లేదు.

మైక్రోస్కోప్ స్క్రూ ఒకే దిశలో తిప్పుకుంటూ వెళ్ళాలి, ఎడమ చివరి రింగు నుంచి మొదలెట్టి మధ్యలోంచి కుడికి. దాటిపోయిందని వెనక్కి తిప్పావా, స్క్రూలో ఉన్న వదులు వల్ల రీడింగ్ తప్పొస్తుంది. వ్యాసాల వర్గాలు, రింగు నంబరు గ్రాఫ్ గీస్తే సరళరేఖ రావాలి, దాని వాలు 4 లామ్డా ఆర్, ఆర్ అంటే లెన్సు వంపు వ్యాసార్ధం. ఆ గీత నీ చేతుల్లో తిన్నగా వచ్చిన రోజు ఫిజిక్స్ మీద నీకు నమ్మకం కుదురుతుంది, అది ఏ గైడూ ఇవ్వలేదు.

చీపురుపల్లి ట్రైన్ బ్యాచ్

మాస్టారూ చాలా థాంక్సండి, అర తరంగం సంగతి ఇప్పుడే మొదటిసారి అర్థమైంది. కానీ ఒక డౌటండి. మా టేబుల్ దగ్గర మధ్యలో చుక్క నల్లగా రాలేదు, కాస్త వెలుగుగా ఉంది. ఇది తప్పు, రికార్డులో వేరే రీడింగులు వేసెయ్యండి అని మా బ్యాచ్ వాళ్ళు అంటన్నారు. ఏటి చెయ్యాలి మాస్టారూ?

రిటైర్డ్ ల్యాబ్ మాస్టారు

మార్చొద్దు బాబూ, మీకొచ్చిన రీడింగే రాయండి. మధ్యలో వెలుగుగా ఉందంటే లెన్సుకీ పలకకీ మధ్య దుమ్ము రేణువో ఏదో చేరి చిన్న ఖాళీ వచ్చిందన్నమాట. ఆ ఖాళీ అన్ని రింగులకీ ఒకేలా కలుస్తుంది కాబట్టి గ్రాఫ్ గీత మొత్తం పక్కకి జరుగుతుంది, ఒరిజిన్ గుండా పోదు, కానీ వాలు మారదు. అందుకే మన ఫార్ములాలో ఒక్క రింగు వ్యాసం కాకుండా రెండు రింగుల వ్యాసాల వర్గాల తేడా తీసుకుంటాం. ఆర్ విలువ సరిగ్గానే వస్తుంది. వీలైతే లెన్సూ పలకా మెత్తని గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టి చూడండి, చుక్క నల్లబడుతుంది. ఈ రెండు గ్రాఫులూ పక్కపక్కన రికార్డులో పెట్టి ఎగ్జామినర్‌కి చూపించు, వైవా అక్కడే సగం అయిపోతుంది. పిల్లలు రీడింగులు మార్చేస్తుంటే నాకు చాలా బాధేసేది, ఎందుకంటే అసలు నేర్చుకోవాల్సింది ఆ తేడాలోనే ఉంటుంది.

పలాస ఈఈఈ

పనికొచ్చిందా అని అడిగావు కదా, దానికి నేను చెప్తాను. మాది పలాస, ఈఈఈ చేసి ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ల మోటార్ల మీద పని చేస్తున్నాను. హాల్ ఎఫెక్ట్ అని చివరి యూనిట్‌లో వస్తాది చూడు, కరెంటు పోతున్న ముక్కకి అడ్డంగా మాగ్నెటిక్ ఫీల్డ్ పెడితే పక్కకి చిన్న వోల్టేజీ వస్తాది అని, అప్పుడు నాకూ అది ఒక 10 మార్కుల ప్రశ్న అంతే. ఇప్పుడు రోజూ చేతిలో ఉండేది అదే. చాలా స్కూటర్ల హబ్ మోటార్లో మూడు హాల్ సెన్సర్లు ఉంటాయి, రోటర్ మాగ్నెట్లు ఎక్కడున్నాయో అవి చెప్తేనే కంట్రోలర్ ఏ కాయిల్‌కి కరెంటివ్వాలో తెలుసుకుంటాది, ఒకటి పాడైతే బండి కుదుపులు కుదుపులుగా కదులుద్ది లేదా కదలదు. ఎడ్విన్ హాల్ దీన్ని కనిపెట్టింది 1879లో, అప్పటికి ఎలక్ట్రానే ఇంకా దొరకలేదు, అది 1897. ఆ వోల్టేజీ గుర్తు ప్లస్సా మైనస్సా చూసి లోపల కరెంటు మోస్తున్నది ఎలక్ట్రాన్లా హోల్సా (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ప్లస్ చార్జిలా నడుస్తాయి) అని చెప్పొచ్చు, పీ టైపు ఎన్ టైపు తేల్చేది అలగే. ల్యాబ్‌లో ఆ ప్రయోగం ఉంటే మాత్రం వదులుకోవద్దు.

అన్నీ పనికొచ్చాయని అబద్ధం చెప్పను, డైఎలెక్ట్రిక్స్‌లో వచ్చే క్లాసియస్ మోసోట్టి ఈక్వేషన్ మళ్ళీ నా కంట పడలేదు. మా ఫ్రెండు మెటలర్జీ వైపు వెళ్ళాడు, వాడికి బ్రాగ్స్ లా (ఎక్స్‌రేలతో క్రిస్టల్ పొరల దూరం లెక్కేసే సూత్రం) లేకుండా రోజు గడవదు, మరి ఎవరికి ఏది తగులుద్దో ఫస్టియర్లో ఎలగ తెలుస్తాది.

చీపురుపల్లి ట్రైన్ బ్యాచ్

అందరికీ చాలా చాలా థాంక్స్. అక్కా, నువ్వు చెప్పినట్టు పెట్టె లెక్క వేశాను, 0.376 వచ్చింది. పొడవు సగం చేసి 0.5 నానోమీటర్ పెడితే 1.5 వచ్చింది, ఎల్ స్క్వేర్ కింద ఉంది కాబట్టి నాలుగింతలైంది, అది అర్థమైంది. ఎన్ సున్నా ఎందుకు పెట్టకూడదు? అప్పుడు ఎనర్జీ సున్నా అయి ఎలక్ట్రాన్ ఊరికే కదలకుండా ఉంటాది కదా?

నాగావళి ఒడ్డు

భలే అడిగావు తమ్ముడూ, ఇది రెండు మార్కుల ప్రశ్నగా కూడా వస్తాది. ఎన్ సున్నా పెడితే సైన్ మొత్తం సున్నా, అంటే వేవ్ ఫంక్షన్ పెట్టెలో ఎక్కడా లేదు, అసలు ఎలక్ట్రానే లేదన్నమాట. ఇంకో వైపు నుంచి చూసినా అంతే, పెట్టెలో బిగించేశావంటే ఎక్కడుందో కొంత తెలిసినట్టే, మరి కదలకుండా ఉందంటే మొమెంటం కూడా పక్కాగా తెలిసిపోవాలి, రెండూ ఒకేసారి కుదరవని హైసెన్‌బర్గ్ చెప్పింది అదే యూనిట్‌లో ఉంది. ఈ రెండు ముక్కలూ కలిపి రాస్తే మార్కులు ఇవ్వక తప్పదు.

ఇప్పుడు ఇంకోటి చెయ్యి. రెండో మెట్టు నుంచి మొదటి మెట్టుకి దిగితే వచ్చే కాంతి ఎంత? ఎనర్జీ తేడాని ఎలక్ట్రాన్ వోల్టుల్లో తీసుకుని 1240ని దానితో భాగిస్తే నానోమీటర్లలో తరంగదైర్ఘ్యం వచ్చేస్తాది. 1 నానోమీటర్ పెట్టెకి తేడా 1.128, అంటే సుమారు 1100 నానోమీటర్లు, ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడదు. సగం పెట్టెకి నువ్వు వేసి పెట్టు.

చీపురుపల్లి ట్రైన్ బ్యాచ్

275 వచ్చిందక్కా. అంటే అల్ట్రావయొలెట్‌లోకి వెళ్ళిపోయింది. పెట్టె ఎంత పెడితే కంటికి కనపడే రంగు వస్తాదో రేపు ట్రైన్‌లో వేస్తాను.