సమస్యాపూరణం: “రేపు కనుపించు నిన్నటి రేయి మనకు”

నిర్వహణ:
మిత్రులకు నమస్కారం. ఈ వారం వస్తువు యంత్రాలు. సాఫ్ట్‌వేర్ మార్పులు, అంతరిక్ష వార్తలు, విజ్ఞాన కల్పన సినిమాలు ఏవైనా సరే. ఛందస్సు తేటగీతి. పై పాదాన్ని నాలుగోదిగా నిలిపి, ముందు మూడు పాదాలు మీరు కూర్చాలి. నిన్నటి రాత్రి రేపు కనిపించడం అసంభవంగా తోస్తుంది. యంత్రం మర్మం తెలిసినవారికి అది సంభవమే కావచ్చు. ఆ మర్మం పద్యంలోకి రావాలని నా కోరిక. “కలలో ఇట్లా జరిగింది” అని తప్పుకునే పూరణలు ఈసారి వద్దు.

భౌతికశాస్త్రం మాష్టారు, హనుమకొండ:

వేల యేండ్లకు మునుపటి వెలుఁగు నేఁడు
తాకుచున్నది మన కంటి తలుపు తట్టి;
దూరమే కాల మగుచోట దూరదర్శి
రేపు కనుపించు నిన్నటి రేయి మనకు.

2021 డిసెంబర్ 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు పంపే చిత్రాలు చూసినప్పుడల్లా నాకు ఈ భావమే కలుగుతుంది. చుక్కను చూడడమంటే దాని గతాన్ని చూడడమే.

నిర్వహణ:
మాష్టారూ, “కంటి తలుపు తట్టి” దగ్గర కాసేపు ఆగిపోయాను. వెలుగును గడపలో నిలబడ్డ అతిథిని చేశారు. యతులన్నీ కుదిరాయి. మూడో పాదం చివర మాత్రం అన్వయం తెగింది. “దూరదర్శి” ఒంటరిగా నిలబడింది, విభక్తి లేదు. దూరదర్శినిలో కనిపిస్తుందని మీ ఉద్దేశం. పద్యం ఆ మాట చెప్పడం లేదు. “దూరమే కాల మగుటచే దూరమందు” అంటే కారణమూ చోటూ రెండూ దొరుకుతాయి.

ఇంకొక సందేహం ఉంది. వేల ఏళ్ల నాటి వెలుగును “నిన్నటి రేయి” అనవచ్చా? చంద్రుడి వెలుగు సెకనుకు కాస్త ఎక్కువ సమయంలో చేరుతుంది, సూర్యుడిది ఎనిమిది నిమిషాల పైచిలుకు. ఆ తర్వాత అతి దగ్గరి నక్షత్రమంటే నాలుగేళ్లు దాటాలి. సరిగ్గా ఒక రోజు వెనకటి వెలుగు పంపే చుక్క మన ఆకాశంలో లేదు. “నిన్న” అన్న మాటను కవి తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం.

మాష్టారు:
సవరణ స్వీకరిస్తున్నాను, ధన్యవాదాలు. “నిన్న” విషయంలో నాకు అభ్యంతరం ఉంది. విశ్వం వయసు ముందు వెయ్యేళ్లు నిన్నే కదా!

సర్వర్ల కాపరి, హైదరాబాద్:

కొత్త కూర్పును నమ్మితిఁ గోరి, యదియె
యంత్రమును ముంచె నీలంపు యవనికలను;
పాత కూర్పుకు మరలింపఁ బ్రదికె మరల
రేపు కనుపించు నిన్నటి రేయి మనకు.

2024 జూలై 19 శుక్రవారం. మనకు ఉదయం తొమ్మిదిన్నర దాటింది. ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన తప్పుడు ఫైలు వల్ల ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. పంపినవారు గంటన్నర గడవకముందే దాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే పడిపోయిన యంత్రం ఆ సవరణను అందుకునేదెట్లా? అది లేవాలి, లేచి నెట్‌కు తగలాలి. లేస్తూనే మళ్లీ పడిపోతోంది. ఒక్కొక్కదాని ముందూ మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్కుకు తాళం ఉన్నచోట 48 అంకెల సంఖ్య కొట్టాలి. నేను ఫోనులో ఆరేసి అంకెల చొప్పున చదివాను, అవతల తమ్ముడు కొట్టాడు. ఒక్క అంకె తప్పితే మొదటికి వచ్చేది. తెల్లవారేదాకా అదే పని. ఆ రాత్రే ఈ పద్యం.

నిర్వహణ:
చేతులతో చేసిన పని కాబట్టి పద్యానికి బరువు వచ్చింది. నీలి తెరను “నీలంపు యవనిక” చేయడం బాగుంది, రంగస్థలం గుర్తుకొచ్చింది. ఇక దోషాలు. “కూర్పుకు” వాడుకలో ఉన్నదే కానీ, “నమ్మితిఁ గోరి” అని మొదలుపెట్టిన పద్యంలో “కూర్పునకు” అనాలి. అంటే గణం చెడుతుంది. “మరలింప”, “మరల” పక్కపక్కనే పడ్డాయి. అన్నిటికన్నా ముఖ్యం, “బ్రదికె” అని వాక్యం ముగించాక నాలుగో పాదానికి కారణం మిగల్లేదు. ఇట్లా చూడండి:

పాతదానికి మరలింప బ్రదుకు నిలువ
రేపు కనుపించు నిన్నటి రేయి మనకు.

“నిలిచి” అనకూడదు. నిలిచేది బ్రతుకు, కనిపించేది రేయి, కర్తలు వేరు. “నిలువ” అంటే ఆ చిక్కు ఉండదు.

సర్వర్ల కాపరి:
“నిలువ” ఎంత హాయిగా ఉందో! ఇంకొక మాట. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ బాధ రాకుండా ఒక ఏర్పాటు ఉంది. 2016లో వచ్చిన ఏడో కూర్పుతో మొదలైంది. లోపల రెండు గదులుంటాయి. మీరు ఒక గదిలో ఉండగానే కొత్త కూర్పును రెండో గదిలో సర్దుతుంది. తిరిగి ఆన్ అయ్యేటప్పుడు అందులోకి అడుగు పెడుతుంది. అక్కడ నిలవలేకపోతే పాత గదికి వచ్చేస్తుంది. నిన్నటి రేయిని చెరపకుండా అట్టిపెట్టుకోవడమే దాని రహస్యం. ఈ సమస్యకు అసలైన అర్థం అదేనని నేను నమ్ముతున్నాను.

కాలయంత్రాభిమాని, విజయవాడ:

కాలయంత్రము నెక్కిన బాలుఁడొకఁడు
రాయ లేలిన కాలానఁ జేయి సాఁచె;
తిరిగి వచ్చెడి దారిలోఁ దెలిసె నిట్లు:
“రేపు కనుపించు నిన్నటి రేయి మనకు”.

1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ తలచుకుని రాశాను. శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, భవిష్యత్తుకూ వెళ్లి వచ్చే కథ తెలుగులో అంత ముందుగా తీయడం నాకు ఎప్పటికీ గర్వమే.

నిర్వహణ:
ఆ గర్వం నాకూ ఉంది. మొదటి రెండు పాదాల్లో ప్రాసయతి (కాల–బాలు, రాయ–జేయి) చక్కగా పడింది, తేటగీతిలో అది చెల్లుతుంది. “చేయి సాఁచె” అంటే ఏమిటో తెలియలేదు తమ్ముడూ, దేనికోసం చాచాడు? వజ్రం కోసమా, రాయల పాదాల కోసమా? ఒక్క మాట ఉంటే దృశ్యం వెలిగేది. పూరణ విషయంలో నా అసంతృప్తి వేరు. కాలయంత్రం ఒకసారి పద్యంలోకి వచ్చిందా, దానితో ఏ అసంభవమైనా తీరిపోతుంది. అన్ని తాళాలకూ పట్టే చెవి ఈ తాళం కోసం చేసింది కాదు. మంచి విజ్ఞాన కల్పన తన యంత్రానికి ఒక హద్దు గీస్తుంది, కథ ఆ హద్దు దగ్గరే పుడుతుంది. పద్యమూ అంతే.

డిగ్రీ విద్యార్థిని, కర్నూలు:
నేను పద్యం రాయడం ఇది రెండోసారి. తప్పులుంటే చెప్పండి.

అప్‌డేటు చేయఁగ ఫోను నాగిపోయె
నవ్వ పాడిన జోలయు నందె చిక్కె;
దాఁచి యుంచిన ప్రతి నుండి తడవి తీయ
రేపు కనుపించు నిన్నటి రేయి మనకు.

నిర్వహణ:
అమ్మా, రెండో ప్రయత్నానికే రెండు పాదాలు నిర్దోషంగా వచ్చాయి, అభినందనలు. మొదటిదానిలో గణాలు చూడు. “అప్‌డేటు” అంటే రెండు గురువులు, ఒక లఘువు. అది తగణం, ఇంద్రగణం. తేటగీతి సూర్యగణంతో మొదలవ్వాలి. నీ పాదంలో రెండు ఇంద్రగణాలు ముందుకు వచ్చి, మూడు సూర్యగణాలు వెనక పడ్డాయి.

అట్లాగని ఆ మాటను తీసేయవద్దు. ఇంట్లో, బజార్లో అందరూ అనే మాటను మార్చి, ఎవరికీ తెలియని సంస్కృత సమాసాన్ని తేవడం నాకు ఇష్టం లేదు. మాటకు తగిన చోటు వెతకాలి. “ఫోను” గలం, సూర్యగణం. పాదం మొదట్లో కూర్చోబెట్టవచ్చు. “వీడియో” రగణం, “అప్‌డేటు” తగణం. అవి రెండో చోటో మూడో చోటో కూర్చుంటాయి. కాబట్టి:

ఫోను కప్‌డేటు చేయఁగ బుద్ధి మారె

ఫో–బు యతి సరిపోయింది.

పంతులమ్మ, అమలాపురం:
నిర్వాహకుల వారు ఒకటి వదిలేశారు. జోల వినిపిస్తుంది, కనుపించదు. సమస్యలో ఉన్నది “కనుపించు”.

విద్యార్థిని:
అది వీడియో అండీ. మా అవ్వ చివరిసారి మా ఇంటికి వచ్చిన రాత్రి, మా అక్క బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఊపుతూ పాడింది. కరెంటు లేదు, పక్కన చార్జింగ్ లైటు. అవ్వ ముఖం సగమే కనిపిస్తుంది, చెయ్యి మాత్రం బాగా కనిపిస్తుంది. ఫోను ఆగిపోయినప్పుడు అన్నం తినలేదు నేను. ఒక ప్రతి ఇంట్లో కంప్యూటర్‌లో ఉందని మామయ్య చెప్పాడు.

పంతులమ్మ:
అయితే “అవ్వ పాడిన దృశ్యమ్ము నందె చిక్కె” అను తల్లీ. గణాలు చెడవు, కన్నూ చెవీ రెండూ ఉంటాయి. నా పూరణ కూడా పెడుతున్నాను.

గోడ మీఁదను నిలిచిన గుండ్ర కన్ను
చీఁకటులలోనఁ జూచిన చిత్రమెల్ల
తెరను నడిపింప, మాపటి దిగులు తీఱ,
రేపు కనుపించు నిన్నటి రేయి మనకు.

నిర్వహణ:
“రేపు” అంటే ఉదయం! రేపకడ, రేపుమాపు అన్న మాటల్లో ఇప్పటికీ బ్రతికే ఉన్న పాత అర్థం. మూడో పాదంలో “మాపటి” అని సూచన కూడా ఇచ్చారు. రాత్రి సీసీ కెమెరా పట్టినది పొద్దున చూసుకుంటాం, అసంభవమే లేదు. మాటలోనే తాళం తీశారు పంతులమ్మ గారూ. “గుండ్ర కన్ను” అని కెమెరాను పేరు పెట్టకుండా చూపించడం మరీ నచ్చింది.

అక్కయ్య, ఫ్రీమాంట్:
మాష్టారి పూరణ కింద “ఒక రోజు వెనకటి వెలుగు పంపే చుక్క లేదు” అన్నారు కదా. చుక్క లేదు, నిజమే. అంత దూరంలో మనుషులు చేసిన వస్తువు ఒకటి ఉంది.

ఆజ్ఞ పంపితి మొక రేయి, యచటి నుండి
బదులు వచ్చుట కిరునాళ్ళు పట్టుచుండఁ
బాత నౌకకుఁ బ్రాణమ్ము వచ్చెనేమొ
రేపు కనుపించు నిన్నటి రేయి మనకు.

1977 సెప్టెంబర్ 5న బయలుదేరిన వాయేజర్ 1 గురించి. 2023 నవంబర్‌లో అది అర్థం లేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. సమాచారాన్ని పేర్చి పంపే కంప్యూటర్‌లో ఒక మెమరీ చిప్పు చెడింది. 2400 కోట్ల కిలోమీటర్ల అవతల చిప్పు మార్చేవారెవరు? అందుకని ఆ చిప్పులో ఉన్న ప్రోగ్రామును మరొక చోటికి తరలించాలనుకున్నారు. మొత్తం ఒక్కచోట పట్టేంత ఖాళీ లేదు. ముక్కలు చేసి, దొరికిన ఖాళీల్లో సర్ది, ఒక ముక్క మరొకదాన్ని వెతుక్కునే చిరునామాలన్నీ తిరగరాశారు. 2024 ఏప్రిల్ 18న మొదటి ముక్క పంపారు. సంకేతం చేరడానికి 22 గంటల 30 నిమిషాలు, బదులు రావడానికి మళ్లీ అంతే. 20వ తేదీన నౌక క్షేమం తెలిసింది. మధ్యలో 19వ తేదీ ఉంది చూశారూ, ఆ రోజు నిలబడి చెప్పే మాట ఈ పద్యం. నిన్న పంపాం, రేపు తెలుస్తుంది.

మాష్టారు:
అక్కయ్య గారూ, నమస్కారం. లెక్కలో ఒక మెలిక ఉంది. 18న బయలుదేరిన ఆజ్ఞ 19న నౌకను చేరింది. 20న మనకు అందిన బదులు నౌక 19న పంపినది. కాబట్టి 19న నిలబడి చూస్తే, రేపు కనిపించేది నేటి సంగతి. నిన్నటిది కాదు.

అక్కయ్య:
ఆ మెలిక నాకూ తట్టింది. నౌక వైపు నుంచి చూస్తే మీరన్నదే నిజం. నేను రాత్రంతా మేలుకున్నవారి వైపు నిలబడ్డాను. వారు నిన్న రాత్రి చేసిన పని ఫలించిందో లేదో రేపే కనిపిస్తుంది.

నిర్వహణ:
మాష్టారి లెక్కే సరైనది, పద్యమూ సరైనదే. “రేయి” ఇక్కడ రాత్రిని చెప్పడం లేదు, రాత్రి చేసిన పనిని చెబుతోంది. “ఏడాది చేతికొచ్చింది” అని రైతు అన్నప్పుడు చేతికొచ్చింది పంట కదా, అట్లాంటి లక్షణ. “వచ్చెనేమొ” లోని “ఏమొ” ఈ పద్యానికి ఊపిరి. తెలిసినట్టు చెప్పి ఉంటే ఇది వార్త అయ్యేది. బా–వ యతి, “పట్టుచుండఁ బాత” అన్న సరళాదేశం, అన్నీ కుదిరాయి. నిన్నను నిన్నగా, రేపును రేపుగా ఉంచి పూరించింది మీరొక్కరే. ఈ వారానికి నా ఎంపిక ఇదే.

మాష్టారు:
నేనూ ఒప్పుకుంటున్నాను. నా పూరణలోని “వేల యేండ్లు” మీద మళ్లీ కూర్చుంటాను.

విద్యార్థిని:
సవరించిన పూరణ:

ఫోను కప్‌డేటు చేయఁగ బుద్ధి మారె
నవ్వ పాడిన దృశ్యమ్ము నందె చిక్కె;
దాఁచి యుంచిన ప్రతి నుండి తడవి తీయ
రేపు కనుపించు నిన్నటి రేయి మనకు.

మామయ్య కంప్యూటర్ నుంచి ఇప్పుడే వీడియో తీసిచ్చాడు. నాలుగు నిమిషాల పది సెకన్లు ఉంది. అక్క బిడ్డకు చూపించాను. తెర మీద అవ్వ చెయ్యి ఊగుతుంటే అది కూడా ఊగింది.