గ్రీన్‌కార్డు వచ్చింది, ఫెడరల్ కాంట్రాక్టులు మొదలుపెట్టొచ్చా?

కొత్త సభ్యుడు, హెర్న్‌డన్:
అందరికీ నమస్కారం. ఈ వాషింగ్టన్ డీసీ ఏరియాకి వచ్చి ఎనిమిది నెలలైంది. గ్రీన్‌కార్డు పోయిన నెలే చేతికొచ్చింది. పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఈమధ్యే ఎల్ఎల్‌సీ అని చిన్న కంపెనీ పెట్టాను, అందులో నేనొక్కడినే. గవర్నమెంటుకి నేరుగా సర్వీసులు అమ్మాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? గవర్నమెంటుకి అమ్మేవాళ్ళు నమోదు కావాల్సిన సామ్ డాట్ గవ్ సైట్లో రిజిస్టర్ చేయిస్తామని ఎవరో ఫోన్ చేసి 599 డాలర్లు అడుగుతున్నారు. కట్టమంటారా?

చాంటిలీ అన్నయ్య:
ఒక్క పైసా కట్టకు తమ్ముడూ. రిజిస్ట్రేషన్ పూర్తిగా ఫ్రీ. ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి, అదీ ఫ్రీనే. మన వివరాలు ఆ సైట్లో అందరికీ కనిపిస్తాయి కాబట్టి రెన్యువల్ దగ్గరపడితే చాలు, ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి.

అది సరే, ఉద్యోగం మానెయ్యలేదు కదా? ముందు ఆ సంగతి చెప్పు. 2018 డిసెంబరులో బడ్జెట్ పాస్ కాక గవర్నమెంటు ఆఫీసులు మూసేసి షట్‌డౌన్ వచ్చినప్పుడు నేనొక ప్రైమ్ (గవర్నమెంటు నుంచి నేరుగా కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ) కింద సబ్‌గా, అంటే సబ్ కాంట్రాక్టరుగా పనిచేస్తున్నా. లాప్‌టాప్ అప్పజెప్పి ఇంటికి పొమ్మన్నారు. 35 రోజులు. మా టీములో గవర్నమెంటు ఉద్యోగులకి తర్వాత జీతమంతా లెక్కకట్టి ఇచ్చారు, మాకు మాత్రం గుండుసున్నా. పక్క సీట్లో కూర్చుని అదే పని చేసినవాళ్ళం! 2025లో మళ్ళీ 43 రోజులు మూసేశారు. ఈసారి చేతిలో ఆరు నెలల ఖర్చులు ఉంచుకున్నా కాబట్టి బతికిపోయా.

రాక్‌విల్ అక్క:
అన్నయ్యగారు భయపెట్టడం అయిపోయిందా? తమ్ముడూ, నా కథ విను. రిజిస్ట్రేషన్ అరగంట పని అనుకుని కూర్చున్నా. నాకు పదకొండు వారాలు పట్టింది.

మొదట్లోనే కంపెనీ పేరు, అడ్రసు నిజమో కాదో చూస్తారు. పోస్టాఫీసు బాక్సు పనికిరాదు. నా కంపెనీ ఉన్నది మా అపార్ట్‌మెంట్లోనే, లీజేమో మావారి పేరు మీద. కంపెనీ పేరు, అడ్రసు ఉన్న కాగితం కావాలన్నారు. లీజింగ్ ఆఫీసుకెళ్ళి ఒక లెటర్ ఇవ్వమని అడిగా. అక్కడి అమ్మాయి నా వంక ఎగాదిగా చూసి, “ఇది ఇళ్ళ కోసం, ఇక్కడ వ్యాపారం చేస్తున్నారా?” అంది. లెటర్ ఇవ్వకపోగా రెండ్రోజులకి తలుపుకి నోటీసు అంటించి వెళ్ళారు! లాప్‌టాప్ ముందు కూర్చుని పని చేసుకోవడం కూడా వ్యాపారమేనట. మావారు రాత్రంతా నిద్రపోలేదు, ఇల్లు ఖాళీ చేయమంటారని.

ఇదిలా ఉండగా ఐఆర్ఎస్ (ట్యాక్సు ఆఫీసు) దగ్గర ఇంకో తలనొప్పి బయటపడింది. కంపెనీ ట్యాక్సు నంబరు కోసం అప్లై చేసినప్పుడు కంపెనీ పేరులోని “సొల్యూషన్స్”లో చివరి ఎస్ కొట్టడం మర్చిపోయా. రాష్ట్రం ఇచ్చిన కంపెనీ రిజిస్ట్రేషన్ కాగితంలో ఒక పేరు, ఐఆర్ఎస్ లెటర్లో ఒక పేరు. ఆ ఒక్క అక్షరం సరిచేయించడానికే నెల పైన పట్టింది. చివరికి రాష్ట్రం వాళ్ళ దగ్గర అడ్రసు మార్పించి, ఆ కాగితం అప్‌లోడ్ చేస్తే పని అయింది. ఈలోపు నేను కన్నేసిన టెండరు గడువు దాటిపోయింది. ఆఫర్ వేసే రోజుకే రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉండాలి మరి.

ఆష్‌బర్న్ బాబాయ్:
అమ్మాయి చెప్పింది నిజమే, కానీ అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. వెనకబడినవాళ్ళ చిన్న కంపెనీలకి గవర్నమెంటు ఇచ్చే 8ఎ సర్టిఫికెట్ తెచ్చుకో బాబూ. తొమ్మిదేళ్ళు పోటీ తక్కువ. మన ఇండియన్స్‌కి అడిగితే ఇచ్చేస్తారు.

చాంటిలీ అన్నయ్య:
బాబాయ్ గారూ, అది మీ కాలం మాట. ఫలానా జాతివాళ్ళంటే వెనకబడినవాళ్ళేనని ముందే అనుకునే పద్ధతిని 2023 జులైలో టెన్నెసీ ఫెడరల్ కోర్టు ఆపించింది. ఆ తర్వాత ఎవరికి జరిగిన అన్యాయం వాళ్ళే రాసి చూపించాల్సి వచ్చింది. పైగా 8ఎకి సిటిజన్ అయ్యుండాలి. అబ్బాయికి గ్రీన్‌కార్డు వచ్చి నెలే.

ఆష్‌బర్న్ బాబాయ్:
సిటిజన్ కాకపోతే ఈ లైన్లోకి రావడమే దండగ.

రాక్‌విల్ అక్క:
ఆ మాట తప్పు బాబాయ్ గారూ. 8ఎ, వెనకబడిన ప్రాంతాల కంపెనీలకిచ్చే హబ్‌జోన్, మహిళల సర్టిఫికెట్లకి సిటిజన్ కావాలి. మామూలు చిన్న కంపెనీగా పోటీ పడటానికి అక్కర్లేదు. నేను గ్రీన్‌కార్డు మీద ఉన్నప్పుడే మొదటి ఆర్డరు తెచ్చుకున్నా. సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య పనులకి గవర్నమెంటు ఇచ్చే అనుమతి) అడిగే పనులు మాత్రం రావు, వాటి జోలికి పోలేదు.

ఆష్‌బర్న్ బాబాయ్:
ఎంత ఆర్డరమ్మా అది?

రాక్‌విల్ అక్క:
తొమ్మిది వేల డాలర్లు. నవ్వకండి. సెప్టెంబరు 30తో గవర్నమెంటు లెక్కల ఏడాది ముగుస్తుంది కదా, మిగిలిన డబ్బు ఖర్చుపెట్టాలని ఆఖరి వారాల్లో హడావిడి పడతారు. చిన్న కొనుగోళ్ళకి పెద్ద టెండర్లేమీ ఉండవు, గవర్నమెంటు కార్డు గీకేస్తారు. అప్పట్లో అలా కొనడానికి హద్దు 10,000 డాలర్లు. 2025 అక్టోబరు నుంచి 15,000 చేశారు. డబ్బు 19 రోజుల్లో పడింది. సరైన ఇన్‌వాయిస్ ఇచ్చాక మామూలుగా 30 రోజులు దాటితే వడ్డీ కూడా వాళ్ళే కట్టాలి. అన్నయ్యగారూ, మీరు ప్రైమ్‌ల కింద 90 రోజులు ఎదురుచూస్తారు కదా, ఇప్పుడు చెప్పండి.

చాంటిలీ అన్నయ్య:
90 కాదు, నాకు 120 కూడా అయింది. కానీ పాస్ట్ పెర్ఫార్మెన్స్, అంటే ఇదివరకు చేసిన పనుల రికార్డు, లేనివాణ్ణి నేరుగా ఎవరు నమ్ముతారు? అందుకే ముందు సబ్‌గా చేరమంటాను. తమ్ముడూ, మా గొడవ ఎలాగూ తేలదు గానీ, ఏపెక్స్ యాక్సిలరేటర్ అని చిన్న కంపెనీలకి సలహాలిచ్చే సంస్థ ఉంటుంది, పాతవాళ్ళం పీటాక్ అనేవాళ్ళం. డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ డబ్బుతో నడుస్తుంది, సలహాకి సాధారణంగా ఫీజుండదు. రిజిస్ట్రేషన్ దగ్గర కూర్చోబెట్టి మరీ చూపిస్తారు. 599 అడిగినవాడి నంబరు బ్లాక్ చేసెయ్.

కొత్త సభ్యుడు, హెర్న్‌డన్:
అందరికీ థాంక్సండీ. బ్లాక్ చేశాను. ఉద్యోగం మానలేదు, మా ఆవిడ ఒప్పుకోదు. ఏపెక్స్ వాళ్ళకి మెయిల్ పెట్టాను. అక్క రాసింది చదివి ఐఆర్ఎస్ లెటర్ తీసి చూశా. అందులో “టెక్నాలజీస్” అని ఉంది, రాష్ట్రం సర్టిఫికెట్లో “టెక్నాలజీ” అని ఉంది. ఫరవాలేదంటారా?

రాక్‌విల్ అక్క:
అయ్యో తమ్ముడూ! సామ్ జోలికి ఇప్పుడే వెళ్ళకు. రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్, నేను ఐఆర్ఎస్‌కి రాసిన లెటర్ కాపీ నా దగ్గర ఉంది.