బఫర్, బూస్ట్ కలిసి ఉన్న పెడల్ పెట్టాక సౌండ్ చెడిపోయింది, 3 గంటలుగా కుస్తీ

తీగలమోత:
అందరికీ నమస్కారం. గిటార్‌కి, ఆంప్‌కి (యాంప్లిఫయర్) మధ్య పెట్టి కాలితో నొక్కే పెడల్ ఒకటి నిన్న కొన్నాను. ఒకే డబ్బాలో బఫర్ (సిగ్నల్ కేబుళ్లలో బలహీనపడకుండా కాపాడేది), బూస్ట్ (సిగ్నల్‌ని పెంచేది) రెండూ ఉన్నాయి. షాపులో "బఫర్ ఎప్పుడూ గిటార్ పక్కనే ఉండాలి" అన్నారు. అలాగే అన్నిటికంటే ముందు పెట్టాను. అప్పటి నుంచి సౌండ్ మొత్తం పల్చబడి చెవిలో గుచ్చినట్టు వస్తోంది. బూస్ట్ నొక్కితే సౌండ్ పెరగదు, గరగర మాత్రం పెరుగుతోంది. సాయంత్రం 6 నుంచి 9 దాకా కేబుళ్లు మార్చాను, అడాప్టర్ మార్చాను, కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేశాను. ఏం మారలేదు. ఆదివారం చర్చిలో వాయించాలి, రెండు పాటల్లో సోలో నాదే. చాలా టెన్షన్‌గా ఉంది. పెడల్‌లోనే లోపమా? తిరిగి ఇచ్చేయాలా?

మూడోఫ్రెట్:
పెడల్స్ పెట్టే బోర్డు మీద ఇంకేమున్నాయి? వరుసగా రాయి. ఆంప్ ఏది?

రాగితీగ:
పెడల్‌ను అనుమానించే ముందు కేబుల్ పొడవు చెప్పండి. ఇది ఎవరూ పట్టించుకోరు, అసలు కథంతా ఇక్కడే ఉంటుంది. మామూలు గిటార్ కేబుల్‌కి మీటరుకు సుమారు 100 పీకోఫారడ్ల కెపాసిటెన్స్ (ఇది పెరిగేకొద్దీ సౌండ్‌లో పదును తగ్గుతుంది) ఉంటుంది. 6 మీటర్ల కేబుల్ అంటే 600. బోర్డు నుంచి ఆంప్‌కి ఇంకో 6 మీటర్లు, మధ్యలో ప్యాచ్ కేబుళ్లు కలిపితే 1300 దాటుతుంది. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) తరహా పికప్‌కి, అంటే తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగానికి, 600 దగ్గర 4 వేల హెర్ట్జ్ ప్రాంతంలో ఉండే మెరుపు, 1300 దగ్గర 3 వేలకు లోపు పడిపోతుంది. దుప్పటి కప్పినట్టు వినిపించేది అందుకే. పెడల్స్ అన్నీ ట్రూ బైపాస్ (ఆఫ్ చేస్తే సిగ్నల్‌ని లోపలి సర్క్యూట్ తాకకుండా నేరుగా పంపేవి) అయితే, ఆఫ్ చేసినప్పుడు పికప్ ఈ తీగనంతా ఒంటరిగా మోయాలి. బఫర్ పని ఆ బరువును పికప్ మీద నుంచి తీసేయడమే. కాబట్టి మంచి కేబుల్ కొనండి, పొడవు తగ్గించండి, జాక్ దగ్గర సోల్డరింగ్ చూసుకోండి.

మూడోఫ్రెట్:
అతను పల్చబడింది అంటున్నాడు, మూసుకుపోయింది అనట్లేదు. మీరు చెప్పేది దానికి తిరగేసిన సమస్య.

తీగలమోత:
మామూలు బోర్డే అన్నా. కొత్త పెడల్, తర్వాత ట్యూనర్, ఓవర్‌డ్రైవ్ (గరగర తెచ్చేది), డిలే (ప్రతిధ్వని ఇచ్చేది). కేబుళ్లు రెండూ 3 మీటర్లే.

స్వరజతి:
బూస్ట్ ఆన్‌లో ఉంటే అదే బఫర్ కదా, వేరే బఫర్ దేనికి? రెంటికీ కలిపి డబ్బులు తీసుకుంటున్నారు.

రాగితీగ:
బఫర్ అంటే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది) 1. ఎంత లోపలికి వెళ్తే అంతే బయటికి రావాలి. సిగ్నల్‌ని పెంచేదాన్ని బఫర్ అనకూడదు. పదాలు ఇలా కలిపేయడం వల్లే కొత్తవాళ్లు తప్పు వస్తువు కొంటున్నారు.

స్వరజతి:
పేరు ఏదైనా చేసే పని ఒకటేగా. లోపలికి వచ్చే వైపు ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) ఎక్కువ, బయటికి వెళ్లే వైపు తక్కువ. బూస్ట్‌లోనూ అదే జరుగుతోంది.

రాగితీగ:
ఆన్‌లో ఉన్నంతసేపు ఒప్పుకుంటాను. ట్రూ బైపాస్ బూస్ట్‌ని ఆఫ్ చేస్తే ఆ పని ఆగిపోతుంది. పాట మధ్యలో నొక్కిన ప్రతిసారీ టోన్ మారుతుంది. బఫర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాల్సిన వస్తువు, బూస్ట్ అవసరానికి నొక్కేది. ఈ తేడా చిన్నది కాదండీ.

మూడోఫ్రెట్:
మీ ఇద్దరూ వేరే పోస్ట్‌లో తేల్చుకోండి. తమ్ముడూ, ఆంప్ ఏదో ఇంకా చెప్పలేదు. ఆ గరగర ఎక్కడి నుంచి వస్తోంది? ఓవర్‌డ్రైవ్ ఆఫ్ చేసి చూశావా?

తీగలమోత:
ఆఫ్ చేసినా గరగర ఉంది. ఫజ్ పెడల్‌ది (సౌండ్‌ని బాగా గరగరలాడించేది) అనుకుంటా. 15 వాట్ల ట్యూబ్ ఆంప్, గెయిన్ నాబ్ 8 మీద ఉంటుంది.

మూడోఫ్రెట్:
ఫజ్ ఎక్కడి నుంచి వచ్చింది?

తీగలమోత:
ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి రాయలేదు అన్నా. జెర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్. ముందు అదే మొదట ఉండేది, ఇప్పుడు కొత్త పెడల్ తర్వాత ఉంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే క్లీన్‌గా వచ్చేది, ఇప్పుడు అది కూడా పోయింది.

మూడోఫ్రెట్:
దొరికింది. ఫజ్ మళ్లీ మొదటికి. బఫర్ దాని తర్వాత.

నల్లమేఘం:
ఈ విషయం నాకు చాలా ఇష్టం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ లాంటి రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్‌లు ఎదురుగా పికప్పే ఉంటుందన్న లెక్కతో పనిచేస్తాయి. వాటి ఇన్‌పుట్ ఇంపీడెన్స్ బాగా తక్కువ. పికప్, దాని వెనక వాల్యూమ్ నాబ్ కూడా ఆ సర్క్యూట్‌లో భాగమైపోతాయి. నాబ్ తిప్పితే సౌండ్ మెత్తగా క్లీన్ అయ్యేది అందుకే. మధ్యలో బఫర్ పెడితే ఫజ్‌కి గిటార్ కనిపించదు, బలమైన సిగ్నల్ నేరుగా వచ్చి పడుతుంది. గుచ్చినట్టు ఉండేది అదే. నీ పెడల్‌లో లోపం లేదు, తిరిగి ఇవ్వకు.

ఇంకో మాట. జెర్మేనియం ఫజ్‌లు చాలావరకు పాజిటివ్ గ్రౌండ్ (సప్లై ప్లస్ వైపు గ్రౌండ్‌కి కలిపినవి). అలాంటిదైతే మిగతా పెడల్స్‌తో ఒకే డైసీ చెయిన్‌లో (ఒక అడాప్టర్ నుంచి అన్ని పెడల్స్‌కీ కరెంటు ఇచ్చే తీగ) కలపకు, సప్లై షార్ట్ అవుతుంది. దానికి బ్యాటరీ వేసుకో.

తీగలమోత:
బ్యాటరీయే వాడుతున్నా అన్నా. ఇప్పుడే మార్చి వస్తా.

స్వరజతి:
ట్యూనర్ ఏ కంపెనీది? బాస్ టీయూ-3 అయితే అందులోనే బఫర్ ఉంది. ఫజ్ తర్వాత అదొక్కటే చాలేది. ఇప్పుడు ఇంకో బఫర్ కొన్నావు.

మూడోఫ్రెట్:
కొన్నాడు, అయిపోయింది. బూస్ట్ ఎలాగూ కావాలి.

రాగితీగ:
అయితే బూస్ట్ గురించి. గెయిన్ 8 మీద ఉన్న ఆంప్ అప్పటికే నిండిపోయి ఉంటుంది. ముందు ఎంత పోసినా మోత పెరగదు, గరగర పెరుగుతుంది. ఎమ్ఎక్స్ఆర్ మైక్రో ఆంప్ లాంటివి 26 డెసిబెల్స్ వరకు ఇస్తాయి, అంటే వోల్టేజ్ 20 రెట్లు. అంత ఇచ్చినా ఫలితం అదే. సోలోకి 4, 5 డెసిబెల్స్ చాలు. బూస్ట్‌ని ఓవర్‌డ్రైవ్ తర్వాతకి జరిపి, ఆంప్ గెయిన్ 4కి దించి వాల్యూమ్ పెంచండి. ఆంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్ (ఆంప్ గెయిన్ భాగం తర్వాత పెడల్స్ కలిపే జాక్‌లు) ఉంటే అందులో పెట్టడం ఇంకా మంచిది. ఉందా?

తీగలమోత:
మార్చాను. ఫజ్ సౌండ్ మళ్లీ పాతలా వచ్చింది, నాబ్ తిప్పితే క్లీన్ అవుతోంది! ఆంప్‌కి లూప్ లేదండీ. గెయిన్ 4కి దించితే మామూలు వాయింపు మరీ పొడిగా ఉంది, ఆ గరగర కూడా కావాలి నాకు.

మూడోఫ్రెట్:
గరగర ఓవర్‌డ్రైవ్ నుంచి తెచ్చుకో. ఆంప్‌ని ఖాళీగా ఉంచు.

రాగితీగ:
లేదా సోలో కానప్పుడు గిటార్ వాల్యూమ్ 7 మీద పెట్టుకుని వాయించండి, సోలోకి 10. ఇప్పుడు ఫజ్ ముందు ఉంది కాబట్టి అది పనిచేస్తుంది. కేబుల్ సంగతి మాత్రం మరచిపోవద్దు.

తీగలమోత:
సరేనండీ, శనివారం ప్రాక్టీస్‌లో రెండూ చూస్తాను. అందరికీ థాంక్స్.

కొత్తపల్లవి:
నాదీ దాదాపు ఇదే బోర్డు, కానీ వా పెడల్ (తొక్కితే 'వా వా' అన్నట్టు సౌండ్ మార్చేది) కూడా ఉంది. వా ఫజ్‌కి ముందా, తర్వాతా? ముందు పెడితే కూతలాంటి శబ్దం వస్తోంది. మధ్యలో బఫర్ పెట్టొచ్చా?